బాబాసాహెబ్ రాసిచ్చిన బాండ్

1913 జూన్ 4న బరోడాలో భీంరావ్ అంబేద్కర్ ఒక ఒప్పందం మీద సంతకం చేశారు. నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు సంస్థానం ఇస్తుంది. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో చదువు ముగించుకొచ్చి ఆయన పదేళ్లు బరోడా కొలువులో పనిచేయాలి. తండ్రి రాంజీ పోయి అప్పటికి నాలుగు నెలలే. శాయాజీరావు గైక్వాడ్ సాయాన్ని మనం రాజుగారి ఉదారతగానే చెప్పుకుంటాం. కానీ దానికి బదులుగా ఒక అంటరాని యువకుడు తన పదేళ్ల శ్రమను ముందే రాసిచ్చాడు.

ఆ డబ్బులోనే తిండి, అద్దె, ఇంటికి పంపాల్సింది అన్నీ సర్దుకోవాలి. తిండి తగ్గించుకుని పాత పుస్తకాలు కొన్నారు. 1915లో ఎం.ఎ. అయింది. 1916లో లండన్ వెళ్లి అక్కడి స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, బారిస్టర్ చదువుకు గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. ఈలోగా స్కాలర్‌షిప్ గడువు తీరిపోయింది. 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. వేరే ఓడలో వేసిన పుస్తకాలు సముద్రంలో మునిగిపోయాయి.

బాండ్ ప్రకారం పనిచేయడానికే ఆయన బరోడా వెళ్లారు. ఆఫీసులో ప్యూన్లు ఫైళ్లు దూరం నుంచి విసిరేవారు. ఊళ్లో ఎవరూ ఇల్లు ఇవ్వలేదు. పార్సీ పేరు చెప్పి ఒక సత్రంలో దిగితే, కొద్ది రోజులకే కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. ఆ రోజు చెట్టు కింద కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నారు. విద్యార్థి ఏం చేయాలో బాండులో ఉంది. అతనికి తలదాచుకునే గది ఎవరివ్వాలో మాత్రం లేదు. పని చేయనివ్వని ఊరిని ఎవరూ ప్రశ్నించలేదు. ఖర్చుపెట్టిన డబ్బు తిరిగి కట్టమని మాత్రం తర్వాత సంస్థానం ఆయన్ని అడిగింది.

మిగిలిన చదువుకు ఆయన తన రెక్కల కష్టాన్నే నమ్ముకున్నారు. బొంబాయిలో ట్యూషన్లు చెప్పారు. షేర్ల వ్యాపారులకు సలహాలివ్వడం మొదలుపెడితే, కులం తెలియగానే రావడం మానేశారు. 1918 నవంబర్‌లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరారు. జీతం 450 రూపాయలు. అందులో దాచిన ప్రతి రూపాయి వెనక పొదుపుగా ఇల్లు నడిపిన రమాబాయి ఉన్నారు. దానికి కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన 5,000 రూపాయల అప్పు తోడయ్యాయి. 1920లో మళ్లీ లండన్ చేరి అర్ధాకలితో చదివారు. 1921లో ఎం.ఎస్సీ., 1923లో డి.ఎస్సీ. సాధించారు. బారిస్టర్ కూడా అయ్యారు.

1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో చేరాక, షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల చదువుకు, విదేశీ చదువుకు కూడా, కేంద్ర ఖజానా నుంచి డబ్బు ఇవ్వాలని పట్టుబట్టి సాధించారు. తాను ఒక రాజు దగ్గర పొందిన సాయాన్ని తర్వాతి తరాలకు హక్కుగా మార్చారు.

ఈ రోజు మన వాడల నుంచి అమెరికా వెళ్లే పిల్లలకు అక్కడి ప్రభుత్వ వర్క్-స్టడీ సాయం వర్తించదు. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. కాబట్టి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి అడిగేటప్పుడు ఫీజు దగ్గరే ఆగొద్దు. డబ్బు చదువు పూర్తయ్యేదాకా వస్తుందా? తిండికీ అద్దెకూ చాలుతుందా? తిరిగొచ్చాక కులం చూడని ఉద్యోగం, అద్దె ఇల్లు దొరుకుతాయా? 1917లో బరోడాలో బాబాసాహెబ్‌కు జవాబు దొరకని ప్రశ్నలివి.