మన రాజమండ్రి వీరేశలింగం పంతులు గారు

ఈ ఏడు నివేదికలో ఒక గొప్ప వ్యక్తి జీవితం గురించి రాయమని నాకు అప్పజెప్పారు. నేను పదో తరగతి చదివినదాన్ని, తప్పులుంటే మన్నించండి. మన గోదావరి ఒడ్డునే పుట్టిన కందుకూరి వీరేశలింగం పంతులు గారి గురించి రాస్తున్నాను.

పంతులు గారు 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. నాలుగేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. తల్లి పున్నమ్మ గారు, పెదనాన్న గారు పెంచి పెద్ద చేశారు. పదమూడో ఏట రాజ్యలక్ష్మమ్మ గారితో పెళ్ళయింది. చదువుకుని మాస్టారు అయ్యారు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టారు. 1883లో ఆడవాళ్ళ కోసమే సతీహితబోధిని అనే పత్రిక మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో కొన్ని కులాల్లో కన్యాశుల్కం అని డబ్బు పుచ్చుకుని, పసిపిల్లని ముసలాడికి ఇచ్చేసేవారు. సంతలో దూడని బేరమాడినట్టే. ఆ ముసలాడు పోతే పిల్లకి జుట్టు తీయించి వంటింట్లో కూలేసేవారు. పెద్దమనుషులేమో పెళ్ళిళ్ళలో భోగం మేళం పెట్టించి ఆడించేవారు. కొనుక్కోవడానికీ, చూసి ఆనందించడానికీ, అక్కర్లేనప్పుడు మూల పడేయడానికీ ఆడది ఒక వస్తువు. పంతులు గారు ఈ మూడింటి మీదా కలం పట్టారు.

తెలుగులో మొదటి నవలగా చెప్పే రాజశేఖర చరిత్రము ఆయన రాసిందే. నాకు నచ్చింది మాత్రం సత్యరాజా పూర్వదేశ యాత్రలు. అందులో సత్యరాజు ఆడుమళయాళం అనే దేశం వెళ్తాడు. అక్కడ పెత్తనమంతా ఆడవాళ్ళది. మగవాళ్ళు గడప దాటకుండా, భార్యే దైవం అనుకుంటూ పడి ఉండాలి. చదువుతుంటే నవ్వొస్తుంది. తర్వాత అనిపిస్తుంది, మగవాడికి జరిగితే ఇంత విడ్డూరంగా ఉన్నది, మనకి జరిగితే మామూలుగా ఎలా ఉందా అని.

ఆయన రాసి ఊరుకోలేదు. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో తన ఇంట్లోనే మొదటి వితంతు వివాహం జరిపించారు. పెళ్ళికూతురు గౌరమ్మ, పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములు. ఊరంతా గొడవ. పోలీసుల కాపలా పెట్టాల్సి వచ్చింది. వెలివేశారు. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు పోసేవాళ్ళు రాలేదు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి వంటలు చేశారు. పుస్తకాల్లో పంతులు గారి పేరే పెద్దగా ఉంటుంది గానీ ఆ బిందె మోసిన చెయ్యి లేకపోతే ఆ పెళ్ళి భోజనాలు లేవు.

పంతులు గారి మాటలన్నీ మనకి నచ్చాలని లేదు. ఆడది చదువుకుంటే మంచి ఇల్లాలు అవుతుంది, భర్తకి అనుకూలంగా ఉంటుంది అన్నట్టే ఆయన ఎక్కువగా రాశారు. మన పేరున పొదుపు, మన చేతిలో బ్యాంకు పుస్తకం అన్నదాకా ఆయన ఊహ వెళ్ళలేదు. అయినా మొదటి మెట్టు ఆయన వేశారు. ఆస్తినంతా హితకారిణి సమాజానికి ఇచ్చేశారు. 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. కిందటేడు మా గ్రామ సంఘం మీటింగులో దీపం వెలిగించేటప్పుడు, భర్త పోయిన మా సంఘం అక్క ఒకామె ముందుకి వచ్చింది. నేనే చెయ్యి పట్టుకుని పక్కకి రమ్మన్నాను. ఆమె ఏమీ అనలేదు. వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఎనిమిదేళ్ళుగా ఒక్క వాయిదా కూడా తప్పని మనిషి ఆమె. ఆమె అప్పు కట్టిన డబ్బు మనకి శుభమే, ఆమె చెయ్యి మాత్రం అశుభమా? ఈ జీవితం చదువుతుంటే సిగ్గేసింది. వెళ్ళి క్షమించమని అడిగాను. పోనీలే అమ్మా అంది.

జాతరకి మన ఊళ్ళల్లో రికార్డింగ్ డాన్సులు పెడుతూనే ఉన్నారు, దానికి చందా మన ఇళ్ళ నుంచే వెళ్తోంది. అది కూడా ఆలోచించుకుందాం.

రాబోయే సర్వసభ్య సమావేశంలో దీపం ఎవరైనా వెలిగించవచ్చు అని తీర్మానం రాద్దాం. మొదటి ఒత్తి ఆ అక్కే వెలిగించాలని నా కోరిక.