ఉద్యోగం చేస్తూనే చదువు విడవని గిడుగు పంతులు

ఎచ్చెర్ల: పరీక్షలు దగ్గర పడితే తప్ప పుస్తకం తెరవని అలవాటు మన పల్లెల విద్యార్థులలో చాలామందికి ఉంది. ఆఖరి నెలలో రాత్రింబవళ్లు బట్టీ పట్టడం, తప్పితే తలరాత అనుకుని చదువు మానేయడం చూస్తూనే ఉన్నాం. ఈ జిల్లాలోనే పుట్టి, జీతానికి పని చేసుకుంటూనే ఏళ్ల తరబడి చదువు సాగించిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి జీవితం అటువంటి వారు తెలుసుకోదగినది.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజు గారు విజయనగరం సంస్థానంలో రెవిన్యూ ఉద్యోగి. 1875లో తండ్రి మరణించేనాటికి కుమారుడికి పన్నెండేళ్లు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజా వారి పాఠశాలలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయన సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు.

ఆపై కాలేజీలో చేరి చదివే వీలు లేకపోయింది. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూలులో నెలకు 30 రూపాయల జీతం మీద ఉపాధ్యాయులుగా చేరారు. సాధారణంగా ఉద్యోగం దొరికితే చదువు ముగిసినట్లే. రామమూర్తి గారు అలా అనుకోలేదు. పగలు పిల్లలకు పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. ప్యాసయ్యారు. చరిత్ర ప్రధాన విషయంగా బి.ఏ. పూర్తయ్యేసరికి మెట్రిక్ అయి చాలా ఏళ్లు గడిచాయి. తరువాత కాలేజీ తరగతులకు సైతం పాఠాలు చెప్పారు.

పరీక్ష లేని చదువు

పట్టా కోసం చదివినది ఆయన చదువులో కొద్ది భాగమే. ముఖలింగం దేవాలయంలోని పాత శాసనాల లిపిని సొంతంగా నేర్చుకుని, గాంగ రాజుల చరిత్రపై వ్యాసాలు రాశారు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు నివసిస్తారు. వారి భాషకు అప్పట్లో లిపి లేదు, నేర్చుకోవడానికి పుస్తకం లేదు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒకరిని రామమూర్తి గారు ఇంట్లోనే ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలెక్కి సవర గూడేలకు వెళ్లి మాటలు సేకరించారు. తెలుగు లిపిలో సవర పుస్తకాలు తయారు చేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చి సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. మన్యం జ్వరాలకు వాడిన క్వినైన్ వల్ల ఆయనకు వినికిడి దెబ్బతిన్నది. అయినా పని విడవలేదు.

ఈ కృషి మూడు దశాబ్దాలకు పైగా సాగింది. సవర భాషా వ్యాకరణాన్ని 1931లోను, సవర ఇంగ్లీషు నిఘంటువును 1938లోను మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది. నిఘంటువు వెలువడేనాటికి ఆయనకు 75 ఏళ్లు. అదే సంవత్సరం ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు.

అర్థం కాని బట్టీ వద్దని

ఆ రోజుల్లో పాఠ్యపుస్తకాల తెలుగు ఇంట్లో మాట్లాడే తెలుగుకు చాలా దూరంగా ఉండేది. పిల్లలు మాట అర్థం కాకుండానే వల్లె వేసేవారు. బడిలో వాడుక భాష రావాలని రామమూర్తి గారు పట్టుబట్టారు. గురజాడ వారు, స్కూళ్ల ఇన్‌స్పెక్టరు యేట్స్ దొర ఆయనతో కలిశారు. పండితులు ఎదురు తిరిగితే, పాత గ్రంథాలు, శాసనాలు శోధించి ఆధారాలతో జవాబిచ్చారు. అంతకు ముందు ఏళ్ల తరబడి చదివినదే అప్పుడు అక్కరకు వచ్చింది. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఆంధ్ర విశ్వవిద్యాలయం పి.జి. కేంద్రంగా మొదలై 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయంగా మారిన సంస్థ ఎచ్చెర్లలోనే ఉంది. ఇదే మండలం ఎస్.ఎం. పురంలో ట్రిపుల్ ఐటీ కూడా ఉంది. రామమూర్తి గారికి ఆ వయసులో అందని కాలేజీ చదువు నేటి పిల్లలకు ఊరి పక్కకే వచ్చింది. అయితే అక్కడి దాకా చేరాలంటే హైస్కూలు నాటి నుంచే చదువు రోజువారీ పని కావాలి. ఏ రోజు పాఠం ఆ రోజే చూసుకోవాలి, అర్థం కానిది తెలిసిన వారిని అడగాలి, ఒకసారి తప్పినా మళ్లీ కూర్చోవాలి. ఊడుపులు, కోతల రోజుల్లో సైతం సాయంత్రం ఒక గంట పిల్లలను పనికి పిలవకుండా ఉండడం తల్లిదండ్రుల వంతు.