పన్ను కాదన్న ఊరు – ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు

చీరాలలో చదువుకున్న మనందరికీ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి పేరు చిన్నప్పటి నుంచీ తెలుసు. చీరాల–పేరాల ఉద్యమం మీద పరీక్షలో ప్రశ్న వస్తుందని బట్టీ పట్టిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. తర్వాత నేను సివిల్ ఇంజనీరునై, పట్టణాల మంచినీటి పథకాల మీద 30 ఏళ్లు పనిచేశాను. ఆ పనిలో పడ్డాకే ఆయన ఎంత బరువు తలకెత్తుకున్నారో అర్థమైంది.

గోపాలకృష్ణయ్య గారు 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. మిత్రుడు నడింపల్లి నరసింహారావు గారితో కలిసి స్కాట్లాండ్ వెళ్లి, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేశారు. ఆనంద కుమారస్వామితో కలిసి ‘అభినయ దర్పణం’ను ఇంగ్లీషులోకి అనువదించారు. అది 1917లో అచ్చయింది. తిరిగి వచ్చి రాజమండ్రిలో, బందరు జాతీయ కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పి, చివరకు చీరాల చేరారు. ఇక్కడ ‘రామదండు’ పేరుతో వాలంటీర్ల దళాన్ని తయారుచేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలకు వచ్చిన జనాన్ని అదుపులో పెట్టింది ఈ దండే.

అప్పటికే ఊళ్లో గొడవ ముదిరింది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. ఏడాదికి 4 వేల రూపాయలుండే పన్ను 40 వేలయింది. జనాభా 15 వేలు. ఎక్కువమంది నేతగాళ్లు, చిన్న రైతులు. 1920 ఎన్నికలను కాంగ్రెస్ బహిష్కరించగా మద్రాసులో జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఏర్పడింది. స్థానిక పాలన శాఖ పానగల్లు రాజా గారిది. ఆయనా తెలుగువారే. కానీ ఓటు ఆస్తి ఉన్న కొద్దిమందికే ఉండేది. పన్ను కట్టేది అందరూ, అడిగే హక్కు కొందరికే. పన్ను కట్టనందుకు జైలుకు పోయినవారిలో ఒక మహిళ కూడా ఉన్నారు.

పన్ను వసూలు కాకపోతే కుళాయిలో నీళ్లు రావని నా ఉద్యోగం నాకు నేర్పింది. అందుకే పన్ను వద్దనడం ఒక్కటే అయితే ఈ ఉద్యమం నన్నింతగా కదిలించేది కాదు.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చారు. శాంతియుతంగా పన్ను నిరాకరించడం ఒక దారి, ఊరే విడిచిపోవడం ఇంకో దారి అని చెప్పారు. కాంగ్రెస్ నుంచి డబ్బు సాయం ఆశించవద్దని కూడా అన్నారు. గోపాలకృష్ణయ్య గారు రెండో దారి పట్టారు. 13 వేల మందికి పైగా ఇళ్లు వదిలి, మున్సిపాలిటీ హద్దు దాటి పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరే రామ్‌నగర్.

నడి వేసవిలో అంతమందికి నీడ, నీళ్లు, వీధులు, పారిశుద్ధ్యం చూడటమంటే ఏమిటో నా వృత్తిలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడైతే సర్వేకే ఆరు నెలలు అడుగుతాం. అక్కడ అన్ని కులాల ప్రతినిధులతో పంచాయతీ పెట్టుకుని, తగాదాలు తామే తీర్చుకున్నారు. ఎండ, వాన, చలి భరించి 11 నెలలు నిలబడ్డారు.

నిధుల కోసం తిరుగుతున్న గోపాలకృష్ణయ్య గారు బరంపురంలో నిషేధాన్ని కాదని ప్రసంగించారు. ఏడాది జైలుశిక్ష పడింది. నాయకుడు లేక, చేతిలో డబ్బు లేక జనం 1922లో పాత ఇళ్లకు తిరిగి వచ్చారు. మున్సిపాలిటీ మాత్రం పోలేదు. లెక్క ప్రకారం చూస్తే ఓటమే.

జైలు నుంచి వచ్చాక కూడా కాంగ్రెస్ పనిలోనే ఉన్నారు. కానీ ఆరోగ్యం దెబ్బతింది, అప్పులు మిగిలాయి. క్షయతో 1928 జూన్ 10న కన్నుమూసినప్పుడు ఆయన వయసు 39 ఏళ్లే.

ఆయన పాలకులకు ఎదురు తిరగడమే కాదు, కాదన్నదాని స్థానంలో ఇంకో ఊరు కట్టి నడిపి చూపించారు. నేటి మన విద్యార్థులు నాలుగు మార్కుల కోసం కాకుండా, రామ్‌నగర్‌ను ఒక్కసారి ఊరుగా ఊహించుకుని చదవాలని నా కోరిక.