ఆంటోనీ అగస్టిన్ కూర్నో

ఆంటోనీ అగస్టిన్ కూర్నో (ఆగష్టు 28, 1801 - మార్చి 31, 1877) ఫ్రాన్సు దేశానికి చెందిన గణిత శాస్త్రవేత్త, ఆర్థికవేత్త మరియు తత్వవేత్త. వస్తువు డిమాండును ధరపై ఆధారపడే ప్రమేయంగా వ్రాసి, అమ్మకందారుకు అత్యంత లాభదాయకమైన ధరను కలన గణితంతో కనుగొన్న తొలి వ్యక్తిగా ఇతనిని పరిగణిస్తారు.

జీవితం

తూర్పు ఫ్రాన్సులోని గ్రే పట్టణంలో జన్మించాడు. పదిహేనేళ్ళకు అక్కడి పాఠశాల విడిచి, తరువాత లాప్లాస్, లైబ్నిజ్‌ల గ్రంథాలను స్వయంగా చదువుకున్నాడు. 1821లో పారిస్‌లోని ఎకోల్ నార్మాల్‌లో చేరగా, మరుసటి సంవత్సరమే ప్రభుత్వం ఆ సంస్థను మూసివేసింది. 1823లో సోర్బోన్ నుండి గణితంలో పట్టా పొంది, మార్షల్ సెయింట్ సిర్‌కు కార్యదర్శిగా, ఆయన కుమారునికి ఉపాధ్యాయునిగా దాదాపు పదేళ్ళు పనిచేశాడు. గణితవేత్త ప్వాసాన్ తోడ్పాటుతో 1834లో లియోన్‌లో ఆచార్య పదవి లభించింది. ఆ తరువాత గ్రెనోబుల్, డిజాన్‌లలో రెక్టరుగా ఉండి 1862లో పదవీ విరమణ చేశాడు.

ధర - డిమాండు

సంపద సిద్ధాంతంలోని గణిత సూత్రాలపై కూర్నో వ్రాసిన గ్రంథం 1838లో వెలువడింది. ఖనిజ జలం ఊరే ఊటకు ఒకే యజమాని ఉన్నాడనుకుందాం. నీటి ఉత్పత్తికి ఖర్చు లేదు. ధర పెంచితే కొనేవారు తగ్గుతారు, తగ్గిస్తే ఒక్కో సీసాపై రాబడి తగ్గుతుంది. ఉదాహరణకు 100 నుండి ధరను తీసివేయగా మిగిలినన్ని సీసాలు అమ్ముడయ్యే పక్షంలో, ధర 40 అయినా 60 అయినా రాబడి 2400 మాత్రమే. 50 వద్ద అది గరిష్ఠంగా 2500 అవుతుంది. రెండవ ఊట యజమాని పోటీకి వస్తే ఏమగునో కూడా కూర్నో లెక్కించాడు. ద్విస్వామ్యంలో ఇతడు చూపిన సమతౌల్యాన్ని, 1950లో జాన్ నాష్ ప్రతిపాదించిన సమతౌల్యానికి ముందు రూపంగా నేడు బోధిస్తున్నారు.

నిరాదరణ

ఆర్థికశాస్త్రంలో సమీకరణాలకు అలవాటుపడని ఆనాటి పాఠకులు ఈ గ్రంథాన్ని దాదాపుగా పట్టించుకోలేదు. అప్పటికే కంటిచూపు మందగిస్తున్న కూర్నో, 1863లో అవే భావాలను గణితం లేకుండా తిరిగి వ్రాశాడు. బలమంతా సమీకరణాలలోనే ఉన్న వాదానికి అది నష్టమే. ఆదరణ కూడా దక్కలేదు. చివరకు ఇతని సహాధ్యాయి కుమారుడైన లియోన్ వాల్‌రాస్, 1874లో తన గ్రంథంలో కూర్నోకు ఋణపడినట్లు అంగీకరించాడు. మూడేళ్ళకు కూర్నో పారిస్‌లో మరణించాడు. 1838 నాటి గ్రంథానికి ఆంగ్లానువాదం 1897లో గాని రాలేదు.

సరుకు నిల్వల సిద్ధాంతం

ప్రతిసారీ ఎంత సరుకు తెప్పించాలో చెప్పే సూత్రాన్ని అమెరికాకు చెందిన ఫోర్డ్ హారిస్ 1913లో ఇచ్చాడు. అందులో డిమాండు ముందే తెలిసిన స్థిర సంఖ్య. 1955లో థామ్సన్ విటిన్ ఆ సూత్రాన్ని ధరను బట్టి మారే డిమాండుతో జతచేశాడు. హారిస్ సూత్రం ప్రకారం డిమాండు నాలుగు రెట్లయితే తెప్పించే పరిమాణం రెండు రెట్లే కావాలి. అందువల్ల ఒక్కో వస్తువుపై పడే ఆర్డరు ఖర్చు, నిల్వ ఖర్చు రెండూ సగమవుతాయి. అంటే ధర తగ్గింపు ఖర్చును కూడా మారుస్తుంది కనుక, ధరను, తెప్పించే పరిమాణాన్ని విడివిడిగా కాక ఒకేసారి నిర్ణయించవలసి ఉంటుంది.