చూసి నేర్చిన చిత్రకారుడు రవివర్మ

మహానంది తిరునాళ్లలో లక్ష్మీదేవి పటమో, సరస్వతీదేవి పటమో కొని ఇంటికి తెచ్చుకునే వారు ఎందరో. ఆ దేవతలకు అలాంటి రూపు దిద్ది ఇంటింటికీ పరిచయం చేసిన చిత్రకారుడు రాజా రవివర్మ. అంతటి వానికి నూనె రంగుల విద్యను దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిన గురువు లేడు.

రవివర్మ 1848 ఏప్రిల్ 29న తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో జన్మించారు. చిన్ననాట మేనమామ రాజరాజవర్మ వద్ద బొమ్మలు వేయడం నేర్చారు. ఆ మేనమామకు గురువు మధురకు చెందిన అళగిరి నాయుడు. 1862లో, 14వ ఏట, రవివర్మ త్రివేండ్రం రాజాస్థానం చేరారు.

నీటి రంగు నిమిషాల్లో ఆరుతుంది. అవిసె నూనెలో కలిపిన రంగు ఆరడానికి రోజులు పడుతుంది. అందుచేత నూనె రంగులతో మనిషి బొమ్మ వేయడానికి రెండు పద్ధతులు ఏర్పడ్డాయి. మొదటిది పొరల పద్ధతి. ముందు ఒకే రంగుతో వెలుగునీడలు దిద్ది ఆరనిస్తారు. దానిపై అద్దం వంటి పల్చని పూతలు ఒక్కొక్కటే వేస్తారు. అడుగు వెలుగు పైకి తేలి ముఖానికి నిగారింపు వస్తుంది. వారాల తరబడి ఓపిక కావాలి. రెండవది సూటి పద్ధతి. కావలసిన రంగును ముందే కలుపుకుని, తడి మీద తడి వేస్తూ, మనిషి ఒకటి రెండుసార్లు ఎదుట కూర్చునేసరికి బొమ్మ ముగిస్తారు. ఆళ్లగడ్డ శిల్పికి ఉలి దెబ్బ తప్పితే రాయి చెడుతుంది. ఇక్కడ తప్పిన రంగును గీకి మళ్లీ వేయవచ్చు. కానీ అతిగా కలియబెడితే రంగు మట్టిబారుతుంది.

పూర్తయిన బొమ్మను ఎంతసేపు చూసినా అడుగున ఎన్ని పూతలున్నాయో తెలియదు. పని జరుగుతుండగా చూడవలసిందే. రవివర్మకు వచ్చిన చిక్కు ఇదే. ఆస్థానంలో ఈ విద్య తెలిసిన మధుర రామస్వామి నాయుడు చెప్పడానికి నిరాకరించారని, ఆయన శిష్యుడు ఆరుముగం పిళ్లె రహస్యంగా కొంత చెప్పారని అంటారు. 1868లో రాజకుటుంబం బొమ్మలు వేయడానికి థియోడర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు వచ్చారు. ఆయనా నేర్పలేదు. మహారాజు మాట మీద పక్కన ఉండి చూడనిచ్చారు. 20 ఏళ్ల రవివర్మ చూసినదంతా మనసులో పెట్టుకుని తానే సాధన చేశారు.

ఐదేళ్లకే, 1873లో, మద్రాసు ప్రదర్శనలో గవర్నర్ బంగారు పతకం, వియన్నాలో బహుమతి లభించాయి. తర్వాత బరోడా మహారాజు కోసం 14 పురాణ చిత్రాలు వేశారు. తమ్ముడు రాజరాజవర్మ ఆయనకు కుడిభుజంగా ఉండి చిత్రాల్లో వెనుక దృశ్యాలు వేసేవారు.

1894లో బొంబాయిలో రవివర్మ అచ్చు యంత్రాలు నెలకొల్పారు. అక్కడ ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి. ఒకే కాగితాన్ని రాయి తర్వాత రాయిపై అద్దితే, రంగు మీద రంగు చేరి పటం తయారయ్యేది. రాజుల గోడలకే పరిమితమైన బొమ్మ అలా పేదవాని గోడకు చేరింది. అయితే ప్రెస్సు అప్పులు మిగిల్చింది. చివరకు దానిని ష్లైకర్ అనే జర్మన్ నిపుణునికి అమ్మివేశారు. 1906 అక్టోబరు 2న రవివర్మ కన్నుమూశారు.

ఆనాటి పటాలు కొన్ని పాత ఇళ్లలో ఇంకా ఉన్నాయి. అటువంటివి ఉన్నవారు తడిగుడ్డతో తుడవరాదు. చెమ్మ, ఎండ తగలకుండా చూసుకుంటే మనుమల కాలానికీ నిలుస్తాయి.