ఉడయవరులకు ముందు నడచినవారు

శ్రీమద్రామానుజులు క్రీ.శ. 1017లో, పింగళ నామ సంవత్సర చైత్రమాసమున, ఆర్ద్రా నక్షత్రమున శ్రీపెరుంబూదూరునందు ఆసూరి కేశవ సోమయాజికిని కాంతిమతికిని జన్మించిరి. బిడ్డకు ఇళయాళ్వారని నామకరణము చేయుటకు మేనమామయగు తిరుమలనంబి వేంకటాచలము నుండి దిగివచ్చిరి. నూట ఇరువది సంవత్సరముల ఆ జీవితమును గురుపరంపరా గ్రంథములు విపులముగా వర్ణించినవి. శ్రీభాష్యరచనయు, వాదవిజయములును, ఆలయములలో వారు నెలకొల్పిన కట్టుబాట్లును అందరును ఎరిగినవే. ఆ చరిత్రలో అంతగా చెప్పుకొనని విశేషమొకటి కలదు. ఆ మహనీయునకు గడ్డుకాలము వచ్చిన చోట నెల్ల ఎవరో ఒకరు ముందుగానే వచ్చి యుండిరి. తామెందుకు వచ్చితిమో వారిలో పెక్కుమందికి తెలియదు.

కాంచీపురమున యాదవప్రకాశుల యొద్ద వేదాంతము చదువుచున్న దినములలో శిష్యుని ప్రతిభను గురువు ఓర్వలేకపోయెను. గంగాయాత్ర నెపమున కొనిపోయి త్రోవలో అంతము చేయవలెనని తలచెను. ఆ యాత్రలోనే యున్న పినతల్లి కుమారుడు గోవిందుడు సంగతి పసిగట్టి హెచ్చరింపగా, రామానుజులు వింధ్యారణ్యమున ఒంటరిగా తప్పించుకొనిరి. దిక్కు తెలియని ఆ చీకటిలో ఒక బోయదంపతులు ఎదురై, వెంట నడిపించిరి. రాత్రి బోయతకు దాహమాయెను. తెల్లవారగనే రామానుజులు దాపుననున్న బావినుండి నీరు తెచ్చి యిచ్చి, మరల తెచ్చుటకు పోయి వచ్చుసరికి వారిరువురును కానరారైరి. ఎదుట చెట్లపైని వరదరాజస్వామివారి పుణ్యకోటి విమానము కనబడెను. నాటినుండి తిరుక్కచ్చినంబి ఉపదేశముచే ప్రతిదినము ఆ బావినీటినే కడవతో వరదునకు మోసిరి.

అదే వరదుని సన్నిధిలో ఆళవందారులు ఆ యువకుని దూరమునుండి చూచి, మాటలాడకయే, ఈతడు సంప్రదాయమునకు దక్కవలెనని ప్రార్థించి వెడలిపోయిరి. పిమ్మట పిలువనంపిరి గాని, రామానుజులు శ్రీరంగము చేరునప్పటికి కావేరీతీరమున ఆచార్యుల చరమవిగ్రహము మాత్రమే మిగిలియుండెను. రంగనాథుని దర్శింపకయే వారు తిరిగివచ్చిరి. ఇంతకంటె నిరాశ యేమి యుండును? అయినను ఆళవందారులు తమ శిష్యులకు ఒక్కొక్కరికి ఒక్కొక్క రహస్యార్థమును అప్పగించి యుంచిరి. కొంతకాలమునకు రామానుజులు పెరియనంబిని వెదకుచు కాంచినుండి బయలుదేరగా, పెరియనంబి రామానుజుల కొరకు శ్రీరంగమునుండి బయలుదేరిరి. ఇరువురును మధురాంతకమున కోదండరాముని ఆలయములో కలిసికొనిరి. పంచసంస్కారములు అచ్చటనే, వకుళవృక్షము క్రింద జరిగినవి.

శ్రీమద్రామాయణార్థము తిరుమలనంబి వంతునకు వచ్చినది. ఆ వృద్ధుడు కొండపై నెలకొని, పాపవినాశనమునుండి శ్రీవారి అభిషేకమునకు ప్రతిదినము నీరు మోయుచుండిరి. ఒకనాడు త్రోవలో బోయవాడొకడు తాతా యని పిలిచి దాహమడిగెను. స్వామి తీర్థమని నంబి ఇయ్యకపోగా, బాణముతో కడవకు తూటు పెట్టి నీరు త్రాగి, పిదప కొండపై మరియొక బాణము వేసి ఆకాశగంగను చూపి అంతర్ధానమాయెను. వింధ్యాటవిలో మేనల్లుని నీరడిగినట్లే కొండపై మేనమామను అడిగిన స్వామి లీల భక్తులకు వేరుగా చెప్పనక్కరలేదు. నేటికిని తిరుమలలో తన్నీరముదు ఉత్సవమున ఈ కథ స్మరింపబడుచున్నది.

రామానుజులు మొదటిసారి కొండ నెక్కునప్పుడు నంబియే ప్రసాదముతో ఎదురువచ్చిరి. చిన్నవారినెవరినైన పంపరాదా యని మేనల్లుడు నొచ్చుకొనగా, ఎంత వెదకినను తనకంటె చిన్నవాడు దొరకలేదని ఆ వృద్ధుడు సమాధానమిచ్చిరి. అటుపిమ్మట కొండ క్రింద తిరుపతిలో ఒక సంవత్సరము రామాయణార్థమును బోధించిరి. పోవునప్పుడు, వింధ్యలో ప్రాణము కాపాడిన గోవిందునే వెంట పంపిరి.

అన్నిటికంటె కఠినమైన పరీక్ష వార్ధక్యమున వచ్చినది. సంప్రదాయము క్రిమికంఠుడని పిలుచు చోళరాజు రామానుజులను తన సభకు రప్పింప దలచెను. కూరత్తాళ్వారులు ఆచార్యుని కాషాయమును, త్రిదండమును తాము ధరించి సభకు పోయిరి. వయోవృద్ధుడగు పెరియనంబియు వెంట నడచిరి. రామానుజులు కూరత్తాళ్వారుల తెల్లని వస్త్రములతో, కొందరు శిష్యులతో పడమటి అడవుల పట్టిరి. ఆకలితో సొమ్మసిల్లిన ఆ గుంపునకు అచ్చటి బోయవారు తేనెయు, ధాన్యమును ఇచ్చిరి. వారు నల్లాన్ చక్రవర్తి శిష్యులు. ఆయన రామానుజుల శిష్యుడు. ఆ అడవిలో ఎప్పుడో చేసిన ఉపదేశము ఆనాటికి అన్నమై ఎదురువచ్చినది.

బోయవారు దారి చూపగా కొంగుదేశమున ఒక యింటికి చేరిరి. ఆ గృహిణి కొంగుప్పిరాట్టి. ఎన్నో యేండ్ల క్రిందట ఆ సీమలో వానలు లేక దంపతులు శ్రీరంగమున తలదాచుకొనిరి. మాధుకరమునకు వచ్చు యతికి మహామహులు మ్రొక్కుట చూచి ఆమె ఆశ్రయించి, మంత్రోపదేశము పొందెను. స్వదేశమునకు పోవునప్పుడు మంత్రము మరచితినని విచారింపగా, రామానుజులు మరల చెప్పి, తమ పాదుకలను కూడ ఇచ్చిరి. ఇప్పుడు అతిథులు ఆమె వంటను స్వీకరించుటకు సందేహించిరి. వంట ముగించి ఆమె లోనికేగి ఏమి చేయునో చూచి రమ్మని రామానుజులు ఒక శిష్యుని పంపిరి. ఆమె పాదుకల యెదుట ధ్యానించుచుండెను. పాదుకలు తెప్పించి చూడగా ఆ పాదములకు సరిపోయినవి. తెల్లబట్టలు చూచి సంశయించినను, ఆమె అంతకుముందే ఆ పాదములను గుర్తించి యుండెను. కఱవులో పొట్టపోసికొనుటకు వచ్చిన స్త్రీ చేతిలో పెట్టిన ఆ పాదుకలు తమకే దారి యగునని నాడెవరు తలచిరి? కాషాయమును, త్రిదండమును రామానుజులు మరల ధరించినది ఆ యింటనే.

అటనుండి హొయసల రాజ్యమునకు చేరి, మేలుకోటలో తిరునారాయణుని ప్రతిష్ఠించిరి. ఆ సీమలో పన్నెండు సంవత్సరములు గడచినవని సంప్రదాయము. శ్రీరంగమునుండి వార్త అచ్చటికి చేరినది. సభలో కూరత్తాళ్వారులును, పెరియనంబియు కన్నులు కోల్పోయిరి. మధురాంతకమునకు సగము దారి ఎదురువచ్చిన ఆచార్యుడు తిరుగు దారిలోనే పరమపదమునకు ముందు నడచిరి. రామానుజులు విలపించిరి. పిమ్మట శ్రీరంగమునకు తిరిగివచ్చినప్పుడు, చూపులేని కూరత్తాళ్వారులు తడుముకొనుచు వచ్చి ఆ పాదములపై వ్రాలిరి.