రహదారుల అధిపతి థామస్ మెక్డొనాల్డు

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని అయోవా నేల మన నల్లరేగడి వంటిది. పంటకు బంగారమే గాని బాటకు పగ. వాన పడినంతనే బండిచక్రములు ఇరుసుల వరకు దిగబడెడివి. ధర పలికిన దినములలో రైతు గింజలను రైలుస్టేషనుకు చేర్చలేడు. బాట యారిన పిమ్మట అందఱును ఒక్కమారే బండ్లు కట్టుటచే ధర పడిపోయెడిది.

థామస్ హారిస్ మెక్డొనాల్డు 1881 జూలై 23న కొలరాడోలోని లెడ్‌విల్లులో జన్మించినను, పెరిగినది ఈ బురదలోనే, అయోవాలోని మాంటెజూమా అను చిన్న పట్టణమున. ఏమ్స్‌లోని రాష్ట్ర కళాశాలలో సివిల్ ఇంజనీరింగు చదివి 1904లో పట్టము పొందెను. ఆ యేడే శాసనసభ రహదారుల సంఘపు బాధ్యతను ఆ కళాశాలకు అప్పగింపగా, ఆచార్యుడు ఆన్సన్ మార్స్టన్ తన శిష్యుడైన మెక్డొనాల్డునే ఆ పనికి నియమించెను.

సంఘమునకు పేరే గాని అధికారము లేదు. సలహా చెప్పుటయే దాని పని. వినుట, వినకుండుట కౌంటీ పాలకుల యిచ్ఛ. మెక్డొనాల్డు ఊరూర తిరిగి, చీల్చిన దుంగలను జతపఱచి గుఱ్ఱములచే లాగించి మట్టిబాటను చదును చేయు విధమును రైతులకు చూపెను. అంతకంటె కష్టమైనది వంతెనల వ్యవహారము. కొన్ని వంతెనల కంపెనీలు తమలో తాము కూడబలుకుకొని ధరలు నిర్ణయించెడివి. కట్టినవి చూడ వంతెనలే, బరువు మోయుటకు మాత్రము కావు. ఆయన ఉపన్యాసములతో ఊరకుండక, నమూనా పటములు గీయించి, నిజమగు వ్యయమెంతయో లెక్కగట్టి కౌంటీలకు అందజేసెను. లెక్క చేతికి వచ్చిన పిదప మోసము సాగుట కష్టము. 1913 నాటి చట్టము సంఘమును కళాశాలనుండి వేఱుచేసి అధికారము నొసగెను. మెక్డొనాల్డు దానికి ముఖ్య ఇంజనీరయ్యెను.

1919లో కేంద్రప్రభుత్వపు రహదారుల శాఖాధిపత్యము ఆయనను వరించెను. బాటలకు సగము ధనము కేంద్ర మిచ్చునట్లు 1916లోనే చట్టమైనది. కాని ఆ ధనము ముక్కలు ముక్కలుగా చెదరి, ఒక ఊరిబాట మఱియొక ఊరిబాటను కలియకుండెను. 1921 చట్టము ప్రతి రాష్ట్రమును తన బాటలలో నూటికి ఏడింటిని మాత్రమే యెన్నుకొని, వానిని పొరుగు రాష్ట్రముల బాటలతో కలుపవలెనని విధించెను. ఆ చట్టము వెనుక మెక్డొనాల్డు ఆలోచన యున్నది. కట్టునది రాష్ట్రములు, సగము ధనమిచ్చి ప్రమాణములు చూచునది కేంద్రము. అధికారము కొఱత యైన కొలువులో ఒప్పించుట నేర్చినవానికి ఇది స్వభావమే.

1926లో రహదారులకు సంఖ్యలు వచ్చెను. ఉత్తర దక్షిణములకు బేసి, తూర్పు పడమరలకు సరి. మన దేశమున 2010లో ఇందుకు విరుద్ధముగా పెట్టిరి. విజయవాడలో కలియు 16, 65 సంఖ్యల రహదారులను విద్యార్థులు పటములో చూడవచ్చును.

ఆయన మితభాషి, గంభీరుడు. తోటివారు ఆయనను చీఫ్ అనియే పిలిచెడివారు. విల్సను మొదలు ఐసన్‌హోవరు వఱకు ఏడుగురు అధ్యక్షుల కాలమున ఆ పదవిలో నుండెను. పొరపడనివాడు కాడు. సుంకము వసూలుచేయు రహదారులకు గిట్టుబాటు కాదని 1939 నాటి నివేదికలో ఆయన శాఖ తేల్చెను. 1940లో తెఱచిన పెన్సిల్వేనియా సుంకమార్గము ఆ అంచనాను మించి వాహనముల నాకర్షించెను. నగరముల నడుమ విశాలమార్గములు వేయవలెననుటయు ఆయన మతమే. అయితే దిక్కులేనివారి యిండ్లు కూల్చుటకు ముందే వారికి వేఱు వసతి చూపవలెనని పట్టుబట్టెను. ఆ మాట చెల్లలేదు. తరువాతి దశాబ్దములలో ఆ మార్గములకై పేదల, నీగ్రోజాతివారి వాడలు అనేకము నేలమట్టమయ్యెను.

1953లో పదవి విడిచి టెక్సాసుకు పోయి, అచటి వ్యవసాయ యంత్రశాస్త్ర కళాశాలలో రవాణా పరిశోధనకు తోడ్పడెను. ఆయన శాఖ ఏండ్లతరబడి పటములపై గీసిన అంతరరాష్ట్ర మార్గములకు 1956లో ధనము మంజూరయ్యెను. మఱుసటి యేడు ఏప్రిల్ 7న మెక్డొనాల్డు కన్నుమూసెను. అప్పటికి ఆ పని ఇంకను ఆరంభదశలోనే యుండెను.